ముద్దపప్పు మీద బేరం

నా చిన్నప్పుడు మా తెనాలిలో దేవుణ్ణి బతిమాలినవాళ్ళున్నారు, తిట్టినవాళ్ళున్నారు, ముడుపు కట్టి మరిచిపోయినవాళ్ళూ ఉన్నారు. ఆయనతో గీచి గీచి బేరమాడినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. నాకు అక్కర్లేని సరుకు ఆయనకి అంటగట్టి, నాకు కావలసింది పట్టుకుపోదామని చూశాను. అంతటి ఘనకార్యం మా వంశంలో అంతకుముందు ఎవరూ చేయలేదు. చేసి ఉంటే మా కొట్టు నా దాకా వచ్చేదే కాదు.

మాది పప్పుల కొట్టు. కంది, పెసర, మినప, శనగ, ఒక్కో గోతాం మూతి మడిచి వరసగా నిలబెట్టి ఉండేవి. నేను నడక నేర్చింది ఆ గోతాలు పట్టుకునే. అక్షరాలకంటే ముందు నాకు వచ్చిన విద్య బేరం. మొదటి మాటకే ఒప్పుకున్నవాడు కొట్టు పెట్టకూడదనేవారు మా నాన్న. ఆయన కొనేటప్పుడు సగానికి అడిగేవారు, అమ్మేటప్పుడు ఒట్టు పెట్టేవారు. ఈ అలవాటు కొట్టు గడప దగ్గర ఆగిపోయేది కాదు. మా నాన్నమ్మ పాలవాడితో నీళ్ళ విషయమై రోజూ పేచీ పెట్టుకునేది. మా అమ్మ పండక్కి రెండు చీరలడిగి ఒకటి తెచ్చుకునేది, ఆ ఒకటే తనకి కావలసిందని మా నాన్నకి ఎప్పటికీ తెలిసేది కాదు. నేను ఎక్కాలు అప్పజెప్పడానికి బెల్లం ముక్క అడిగేవాణ్ణి. మా ఇంట్లో బేరం లేకుండా ఏదైనా జరిగిందంటే ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా మనవడు ఫోన్లో ఎవరి గురించో "వాడొట్టి పప్పురా" అంటుంటే విన్నాను. జీవితమంతా పప్పు తూచినవాణ్ణి, ఊరుకోలేక ఏ పప్పురా, కందిపప్పా పెసరపప్పా అన్నాను. వాడు నవ్వి, "పప్పంటే పప్పే తాతయ్యా. మొద్దు. బుర్ర లేనోడు" అన్నాడు. నాకు రోషమొచ్చి అటక మీది నిఘంటువు దింపించాను. పొట్టు తీసిన గింజ, లోపలి బద్ద అని ఉంది. జీడిపప్పు, బాదంపప్పు అని కూడా ఉంది. బుర్ర లేనోడు అని ఎక్కడా లేదు. చూశావా, పొట్టు పోయాక మిగిలే అసలు సరుకురా పప్పంటే, అన్నాను గర్వంగా. వాడు ఫోన్లో వెతికి, వీధిలో చెలామణి అయ్యే అర్థం నాకు చదివి వినిపించాడు. వాడి మాటా అబద్ధం కాదు. పప్పులో కాలేశావంటాం, నీ పప్పులు ఉడకవంటాం, పప్పన్నం ఎప్పుడు పెడతావని పెళ్ళికాని కుర్రాణ్ణి ఏడిపిస్తాం. ఒక గింజకి ఇన్ని బతుకులు. వీటిలో ఒకటి కొంతకాలం నా పేరుగా ఉండేదని వాడికి చెప్పలేదు. ఒక చలికాలమంతా నన్ను ముద్దపప్పు అన్నారు. అంతకుముందు నేను వసపిట్టని.

ఆ ఏడు ఎండాకాలం నుంచే మా అమ్మకి ఆయాసం మొదలైంది. గోతాం గోతాం పప్పు చెరిగిన మనిషి బిందెడు నీళ్ళు మోసి గోడ పట్టుకుని నిలబడిపోయేది. సాయంత్రానికి పాదాలు వాచేవి. గుండెలో ఏదో తలుపు సరిగ్గా మూసుకోవడం లేదని తెనాలి డాక్టరు చెప్పాడు. ఆ మాటకి నేను పెద్దగా బెంగపడలేదు. వానాకాలంలో మా కొట్టు తలుపు చెక్కలు కూడా ఉబ్బి మూసుకునేవి కావు. వడ్రంగి వచ్చి కాస్త చిత్రిక పట్టి పోయేవాడు. అమ్మకీ అలాంటివాడెవరో దొరుకుతాడు, కాకపోతే ఆలస్యమవుతుంది, అంతే అనుకున్నాను.

బాపట్లలో ఒక పెద్ద డాక్టరున్నాడు, హస్తవాసి మంచిదని ఎవరో చెప్పారు. అది కార్తీక మాసం. ఎలాగూ అంత దూరం వెళుతున్నాం కదా, డాక్టరుకి చూపించడం, సముద్రస్నానం రెండూ ఒకే ప్రయాణంలో అయిపోతాయని మా నాన్న లెక్కవేశారు. అమ్మా నాన్నా డాక్టరు దగ్గర ఆగారు. మా నాన్నమ్మ నన్ను వెంటపెట్టుకుని సూర్యలంక వెళ్ళింది.

మా నాన్నమ్మ కాశీకి వెళ్ళొచ్చిన మనిషి. కాశీకి వెళితే ఇష్టమైనదొకటి గంగలో వదిలేయాలి, మళ్ళీ జన్మలో ముట్టకూడదు. ఆవిడ జామకాయ వదిలేసింది. మా పెరట్లో జామచెట్టు విరగకాసేది. ఆవిడ దోరకాయ కోసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నా చేతిలో పెట్టేది. వాసనకి తప్పులేదని ఆవిడ దేవుడితో కుదుర్చుకున్న ఒప్పందం. మా బంధువుల్లో ఒకావిడ మాత్రం తాను ఎలాగూ తినని కాకరకాయని గంగలో వదిలి పుణ్యం మూటగట్టుకుని వచ్చిందని మా ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవారు. నేను నవ్వేవాణ్ణి కాదు. ఆవిడకి వ్యాపారం తెలుసని మనసులోనే మెచ్చుకునేవాణ్ణి.

ఆ వేళ అలల్లో నిలబడి అడిగాను, వదిలేస్తే ఏమొస్తుందని. మనం ఏది కోరుకుని వదిలితే అది వస్తుందని, అయితే బయటికి చెబితే ఫలం పోతుందని నాన్నమ్మ చెప్పింది. గంగ చివరికి బంగాళాఖాతంలో కలుస్తుందని మా బళ్ళో అప్పటికే చెప్పారు. అంటే నా మోకాళ్ళకి తగులుతున్నది గంగే. కాశీ దాకా పోయి తెచ్చుకునే సరుకు, ఖర్చు లేకుండా బాపట్లలోనే దొరుకుతోంది. ఇంతకంటే మంచి అదను ఉండదనిపించింది. కళ్ళు మూసుకుని, మా అమ్మకి నయం చెయ్యి, నేను కాకరకాయ వదిలేస్తున్నాను అన్నాను. నేను పుట్టి బుద్ధెరిగి ఏనాడూ కాకరకాయ తినలేదు. మొదటి మాట ఎప్పుడూ తక్కువకే అడగాలి కదా.

తడిబట్టలతో తిరిగొచ్చేసరికి మా నాన్న డాక్టరు గారి ఇంటిముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. అమ్మ లోపల బల్లమీద కూర్చుని ఉంది. గంపలో చక్కెరకేళీలు పెట్టుకుని ఒకామె అక్కడే అమ్ముకుంటోంది. నాన్న ఒక అత్తం, అంటే ఒక చీపు పళ్ళు, ఎంతని అడిగారు. ఆమె చెప్పింది. నాన్న జేబులో చెయ్యి పెట్టి అడిగినంతా ఇచ్చేశారు. ఆమె డబ్బులు పుచ్చుకుని, ఆయన వైపు వింతగా చూసి, "అదేంటి బాబుగారూ, బేరం ఆడరా?" అంది. నాన్న పళ్ళు తీసుకుని ఇటు తిరిగారు. నన్ను చూసినా చూడనట్టే ఉన్నారు. రైల్లో ఆ పళ్ళు ఎవరూ తినలేదు.

ఇంటికొచ్చాక అమ్మకి ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. దేవుడు నా ధరకి ఒప్పుకోలేదని నాకు అర్థమైంది. నా మోసం ఆయన పసిగట్టాడు. బేరం చెడకముందే ధర పెంచాలి. నా దగ్గరున్న వాటిలో ఖరీదైనదేంటని ఆలోచించాను. ఆలోచించడానికేముంది, ముద్దపప్పే.

మా అమ్మ ముద్దపప్పు గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కందిపప్పుని దోరగా వేయించి, ఇత్తడి గిన్నెలో మెత్తగా ఉడికించి, ఉప్పేసి పప్పుగుత్తితో మెదిపేది. తాలింపు లేదు, కారం లేదు, మరేమీ లేదు. వేడన్నంలో గుంట చేసి ఆ పప్పు వేసి, దాని మీద నెయ్యి పోసి, అంచున ఆవకాయ ముక్క పెట్టేది. పప్పుల కొట్టువాడి కొడుక్కి పప్పంటే మొహం మొత్తాలి. నాకు మొత్తలేదు. బడి నుంచి వచ్చేటప్పుడు కాలవ వంతెన మీద ఆగి, నీళ్ళలోకి చూస్తూ, ముద్దపప్పు వదిలేస్తున్నాను అన్నాను. ఈ కాలవ కూడా పోయి పోయి సముద్రంలోనే కలుస్తుంది కదా. ఈసారి మాత్రం మోసం లేదు, కడుపులో నుంచి వచ్చింది.

ఆ మర్నాటి నుంచి కంచంలో పప్పు పడితే పక్కకి నెట్టేవాణ్ణి. నాన్నమ్మ బుజ్జగించింది, తరువాత తిట్టింది. కారణం చెబితే ఫలం పోతుంది. నోరు తెరిస్తే ఎక్కడ జారిపోతుందోనని పప్పు సంగతే కాదు, ఏ సంగతీ మాట్లాడడం మానేశాను. కొట్లో గుమాస్తా ఉండేవాడు, నోటి దురద మనిషి. "బాబుగారూ, మనోడు పప్పు ముట్టట్లేదని బయట తెలిస్తే మన సరుకులో ఏదో ఉందనుకుంటారండీ" అన్నాడొకరోజు. నాన్న నా వైపు చూశారు. ఆ రోజుల్లో ఆయన చూపులో కోపమూ అలసటా వేరువేరుగా ఉండేవి కావు. "ముద్దపప్పులా కూర్చుంటాడు, ముద్దపప్పు మాత్రం తినడంట. రేపు ఈడేం నడుపుతాడు కొట్టు?" అన్నారు. గుమాస్తా పకపకా నవ్వాడు. అంతే, ఆ పేరు అంటుకుంది. హమాలీలు అన్నారు, బేరానికొచ్చినవాళ్ళు అన్నారు, బళ్ళో పిల్లలు అన్నారు. నేను తలదించుకుని ఊరుకునేవాణ్ణి. ఊరుకున్నకొద్దీ ఆ పేరు మరింత నప్పింది.

కొన్నాళ్ళకి అమ్మని పుట్టింట్లో దింపాలన్నారు. రేపల్లెలో మా అమ్మమ్మ ఉంది, గాలి మార్పుకి మంచిదన్నారు. నన్నూ వెంట పంపారు, కొట్లో ఉండి చేసేదేముందని. రేపల్లె బండి భట్టిప్రోలు దాటాక కిటికీ లోంచి కోతకొచ్చిన వరిచేలు కనిపించాయి. ఆ చేలల్లోనే నిలబడి మినుములు చల్లుతున్నారు. వరి కోసేశాక ఆ తడిమీద మొలిచేవి అవే, మా కొట్టుకి వచ్చేవీ అవే. అమ్మ వాటిని చూస్తూ, "ఈ మినుములు కొట్టుకొచ్చేసరికి..." అని ఆగిపోయింది. మిగతా మాట కోసం నేను ఎదురుచూశాను. చెప్పలేదు.

రేపల్లెలో అమ్మ కాస్త తేరుకున్నట్టే కనిపించింది. పగలు వసారాలో ఎండ పొడకి కూర్చునేది. ఒకటి రెండుసార్లు బావి దాకా నడిచింది. నాకు లోపల్లోపల సంతోషం. ధర కుదిరిందన్నమాట. అమ్మమ్మ మాత్రం నేను పప్పు నెట్టేసినప్పుడల్లా చిన్నబుచ్చుకునేది. ఒక మధ్యాహ్నం అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా తలలో వేళ్ళు పెట్టి దువ్వుతూ, ఎటో చూస్తూ అడిగింది.

"ఎంతకి కుదుర్చుకున్నావురా?"

నేను ఉలిక్కిపడ్డాను. దేన్ని అన్నాను.

"బేరం. సముద్రం దగ్గర నాన్నమ్మని కాశీ సంగతులన్నీ అడిగావంట. ఇక్కడ చూస్తే పప్పు మానేశావు. ఆ మాత్రం తెలుసుకోలేనా?"

చెబితే ఫలం పోతుందని నేను పెదవులు బిగించాను. నువ్వు చెప్పలేదు కదా, నేనే కనిపెట్టాను, కనిపెడితే ఫలం పోదు అంది అమ్మ. ఆ మాటలో న్యాయం కనిపించింది నాకు. దాంతో ఇన్నాళ్ళూ బిగబట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. సముద్రం, కాలవ, అన్నీ చెప్పాను. కాకరకాయ సంగతి దాచాలనుకున్నాను, అదే ముందు జారింది.

"కాకరకాయా?" అంది అమ్మ. "నా ప్రాణానికి కాకరకాయ వెల కట్టావా సచ్చినోడా!"

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గు తెరలో పడిపోయి, స్తంభం పట్టుకుని, మళ్ళీ నవ్వింది. అంత నవ్వు నేను తన దగ్గర ఎప్పుడూ చూడలేదు. నేనూ నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాను. అమ్మ నవ్వు ఆగిపోయింది కానీ కళ్ళు నా మీదే నిలిచిపోయాయి. లెక్కలో ఎక్కడో తేడా వచ్చినప్పుడు మా నాన్న చూసే చూపు లాంటిది అది. అప్పుడు తను ఏం లెక్క వేసుకుందో నాకు చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. తను పోతే, ఆ పోవడాన్ని ఈ పిల్లవాడు ఎవరి ఖాతాలో రాసుకుంటాడో అని చూసుకుంది.

ఆ ఆదివారం పొద్దున అమ్మ తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, వసారాలో పీట వేయించుకుని కూర్చుంది. అమ్మమ్మ చేత ముద్దపప్పు చేయించింది. కంచం తన ఒళ్ళో పెట్టుకుని నన్ను పిలిచింది. నేను దూరంగా నిలబడిపోయాను.

"రా నాన్నా. నీకు నాన్నమ్మ సగమే చెప్పింది. ఎవరి కోసం వదిలామో వాళ్ళు తమ చేత్తో తినిపిస్తే మొక్కు చెల్లిపోతుంది. ఇక మళ్ళీ తినొచ్చు. అలా చెల్లించుకోకపోతేనే తప్పు."

అయితే నీకు నయమైపోయినట్టేనా అన్నాను. అయిపోయినట్టే అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మమ్మ అటు తిరిగి పొయ్యిలో పుల్లలు సర్దుకోవడానికి వెళ్ళిపోయింది. పొయ్యి అప్పటికే ఆరిపోయి ఉంది.

మరి కాకరకాయో అన్నాను. ఎంతైనా పప్పుల కొట్టు పిల్లవాణ్ణి, రెండు బాకీలుంటే రెండూ అడుగుతాను. ఆ ప్రశ్న అమ్మ అనుకోలేదు.

"దానిదేముందిరా. నేను లేచి తిరిగాక, బెల్లం పెట్టి పులుసు చేసి, నా చేత్తోనే తినిపిస్తా. అప్పటిదాకా అది ఉండనీ."

లేచి తిరిగాక అంది. ఇప్పుడే కదా నయమైపోయిందన్నది. ఒకే మనిషి ఒకే పూట రెండు ధరలు చెబితే అందులో ఒకటి అబద్ధమని నాకు అయిదేళ్ళ వయసు నుంచీ తెలుసు. మా నాన్నయితే అక్కడే వేలెత్తి అడిగేవారు. అడగాలని నోటిదాకా వచ్చింది. అమ్మ కలిపిన ముద్ద నా ముందు గాల్లో నిలబడి ఉంది. గాజులు చప్పుడు చేయకుండా ఇంకో చేత్తో వాటిని పట్టుకుని ఉంది. బాపట్లలో వేపచెట్టు కింద, అడిగినంతా ఇచ్చేసి ఇటు తిరిగిన నాన్న ముఖం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఎందుకు బేరమాడలేదో అర్థమైంది.

నేనూ ఆడలేదు. నోరు తెరిచాను. నా జీవితంలో మొదటి మాటకే ఒప్పుకున్న బేరం అదొక్కటే.

పప్పులో ఉప్పు లేదు. అమ్మ పథ్యానికి ఆ ఇంట్లో అన్నీ చప్పగానే వండేవారు, ఆ రోజు నా కోసం వేరే వేయాలని అమ్మమ్మకి గుర్తులేదు. బాగుందా అని అడిగింది అమ్మ. చాలా బాగుందన్నాను. కంచం ఖాళీ అయ్యేదాకా తినిపించింది. మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం ఆగింది, ఆవకాయ చిదుముతున్నట్టు నటిస్తూ. ఆఖరి ముద్ద పెట్టాక కొంగుతో నా మూతి తుడిచి, నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడితో నీకూ దేవుడికీ లెక్క తేలిపోయింది. ఇక ఏం జరిగినా అది నాకూ ఆయనకీ మధ్య సంగతి. నువ్వు మధ్యలో దూరకు." నేను తలూపాను. మళ్ళీ తనే, "కొట్లో నిన్ను ముద్దపప్పు అంటున్నారంటగా?" అంది. దానికీ తలూపాను. "అననీ. పెళ్ళిపందిట్లో విస్తట్లో ముందు ఏది పడుతుంది? పళ్ళురాని పిల్లకీ పళ్ళూడిన ముసలాళ్ళకీ ఏది పెడతాం? ఈసారి ఎవరన్నా అంటే తల దించుకోకు. అవునండి, మా అమ్మ చేసిందండి, అను."

చలి పూర్తిగా తగ్గకముందే అమ్మ పోయింది. కబురందుకుని నాన్న వచ్చారు. స్టేషన్ నుంచి తెచ్చిన జట్కావాడికి అడిగినంతా ఇచ్చి పంపడం అరుగు మీంచి చూశాను. చూడవచ్చినవాళ్ళు పెద్దగా ఏడుస్తున్నారు. నాకు ఏడుపు రాలేదు. గోడవారగా కూర్చున్నాను. వచ్చినవాళ్ళలో ఒకాయన నన్ను చూసి, "తల్లి పోతే కంట తడైనా లేదు. ముద్దపప్పులా ఎలా కూర్చున్నాడో చూడండి" అన్నాడు. నేను తలెత్తి, "అవునండి, మా అమ్మ చేసిందండి" అన్నాను. పిల్లవాడికి మతి చలించిందనుకున్నారు. నాన్న ఒక్కరే నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. ఆ తరువాత ఆయన నన్ను ఆ పేరుతో పిలవలేదు. మా గుమాస్తా పిలవబోతే ఒక్క చూపు చూశారు.

ఆ మినుములు మాత్రం వేళకి కొట్టుకొచ్చాయి.

అమ్మ నా లెక్క తేల్చేసిందనుకుని నేను హాయిగా పెరిగానని చెబితే అది అబద్ధం. కొన్ని పొద్దుటి వేళల్లో, తాళం తీసి కొట్లో ఒక్కణ్ణే కూర్చున్నప్పుడు, ఆ ముద్ద తినకుండా ఉంటే ఏమయ్యేదో అనిపించేది. కాకరకాయతో మొదలుపెట్టకుండా ముందే పప్పు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో అని కూడా. నాకు మీసాలొచ్చాక మా అమ్మమ్మ ఒకరోజు నోరు విప్పింది. బాపట్ల డాక్టరు ఆ కార్తీకంలోనే చేతులెత్తేశాడట. నేను కాలవ వంతెన ఎక్కకముందే అంతా అయిపోయింది. రేపల్లెకి పంపింది గాలి మార్పుకి కాదు. సంగతి అమ్మకీ తెలుసు. నేను ధర పెంచే వేళకి అవతల అమ్మడానికి సరుకే లేదు.

ఇంకా తరువాత, మా ఇంట్లో ఏదో శుభకార్యానికి వచ్చిన పురోహితుణ్ణి ఊరికే అడిగినట్టు అడిగాను. ఎవరి కోసం వదిలామో వాళ్ళు తినిపిస్తే మొక్కు చెల్లుతుందని ఎక్కడుందండీ అని. ఆయన కాసేపు ఆలోచించి, "అలాంటిది నేనెక్కడా చదవలేదండి. ఎవరు చెప్పారో గానీ, గడుసువాళ్ళే" అన్నారు. అవునండి, మా అమ్మ చేసిందండి అని నోటిదాకా వచ్చింది. తాంబూలం ఆయన చేతిలో పెట్టాను.

ఇప్పుడు నాకు ఒంట్లో చక్కెర. కాకరకాయ తినమని డాక్టరు చెప్పాడు. మా కోడలు పొద్దున్నే దాన్ని రసం తీసి గ్లాసులో పెడుతుంది, పులుసు పెడుతుంది, వేపుడు చేస్తుంది. నేను ముట్టను. ముసలాయన చేదుకి భయపడుతున్నాడని ఇంట్లో నవ్వుకుంటారు. నిఘంటువు తీసిన రోజునే మా మనవడు కూడా, "ఇంత చిన్న కాకరకాయకి భయపడతావేంటి తాతయ్యా, నువ్వే అసలు పప్పువి" అన్నాడు. అవునురా అన్నాను. బేరం పెట్టలేదు.

కొట్టు మూసే వేళకి లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలి. దేవుడికి నేనిచ్చింది రెండు వస్తువులు. అందులో ఒకటి చచ్చు సరుకు. అడిగింది అమ్మ ప్రాణం, అది రాలేదు. ఇచ్చిన వాటిలో ముద్దపప్పుని అమ్మ తన చేత్తో విడిపించి ఇచ్చింది, లేని శాస్త్రం పుట్టించి, లేని ఊపిరి తెచ్చుకుని. కాకరకాయ అలాగే ఉండిపోయింది. లేచి తిరిగాక తినిపిస్తానంది. ఆ శాస్త్రం అబద్ధమని తెలిసి కూడా, అది నిజమైనట్టే ఇన్నాళ్ళూ నడుచుకున్నాను. నేనిప్పుడు కాకరకాయ తింటే మొక్కు చెల్లిపోయినట్టు కాదు, అమ్మ ఇక రాదని ఒప్పుకున్నట్టు. వస్తుందని కాదు. ఆమె నాకింకా ఒక ముద్ద బాకీ ఉంది. ఇన్నేళ్ళ వ్యాపారంలో నేను వసూలు చేయకుండా దాచుకున్న బాకీ అదొక్కటే.